స్కూటర్ సినిమాలో లేని ఉప్పు సీను

పోయిన వారం మొత్తం నేను దొంగల్ని పట్టుకునే పనిలోనే ఉన్నానండీ! ముందు ఫోన్లో సినిమాలు చూపించే కంపెనీ వాళ్ళు దొంగలన్నా. తర్వాత సునీత టీచర్ని అనుమానించా. ఆ తర్వాత నందిగామలో సినిమా హాలు ఆపరేటర్ని. మధ్యలో మా ఆయన్ని. ఆయన్నైతే మూడు రకాలుగా అనుమానించా. చివరికి దొంగ దొరికింది. దొరికాక నోరు మూసుకుని జాకెట్లు కుట్టుకోవాల్సిందే నేను. కానీ నా నోటి సంగతి మీకు తెలుసుగా! టీ పోశా, తాగుతూ వినండి. నవ్వితే మాత్రం బిస్కెట్ల ప్లేటు వెనక్కి తీసేసుకుంటా.

మా ఆయన బాజీని మీరంతా చూసే ఉంటారు. ట్రాలీ ఆటో నడుపుతాడు. మన పేట నుంచి నందిగామకి, నందిగామ నుంచి పేటకి సామాన్లు వేస్తాడు. మనిషి బంగారం. కానీ మాట! బోరింగు కొట్టినట్టు పదిసార్లు కొడితే ఒక్క చుక్క. "అన్నం పెట్టనా?" "ఊ." "కూర బాగుందా?" "ఊ." "పక్కింటి వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారంట." "ఊ." మా పెద్దదానికి మొదట వచ్చిన మాట అమ్మా కాదు, నాన్నా కాదు. "ఊ." అల్లా సాక్షిగా!

మా పెళ్ళైన ఇరవై రోజులకి ఆయన నన్ను సినిమాకి తీసుకెళ్ళాడు. పదిహేనేళ్ళ కిందటి మాట. ఆ సినిమా పేటకి రాలేదు, నందిగామలో ఆడుతోంది. పోస్టర్లో స్కూటర్ మీద జంట కూర్చుని ఉంటే లవ్ స్టోరీ అనుకున్నాడు పాపం. లోపలికెళ్ళి చూస్తే జంటకి అరవై ఏళ్ళు! రైల్వేలో టీసీగా రిటైరైన ఒకాయన, ఆయన భార్య, వాకిట్లో ఒక పాత స్కూటరు. స్కూటరు అమ్మెయ్యమంటుంది ఆవిడ. ఆయన అమ్మడు. అదే కథ. పాటల్లేవు, ఫైట్లు లేవు, కామెడీ లేదు. ఆ బండి స్టార్టవదు, ఈ కథా స్టార్టవదు. నేను మధ్యలో నిద్రపోయా, మధ్యలో లేచా, మళ్ళీ నిద్రపోయా.

కానీ అందులో ఒక్క సీను మాత్రం నా గుండెలో కూర్చుండిపోయింది.

ఏంటంటే, మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూర్చుని తింటుంటారు. చీకటి. కరెంటు పోయిందేమో, మనుషులు కనపడరు, మాటలు మాత్రం వినపడతాయి. ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇంత ఉప్పైతే చెప్పాలిగా! మొత్తం తినేశారా?" అంటుంది. ఆయన, "చెప్తే గిన్నె తీసుకుని లేచెళ్తావ్. ఇట్టా పక్కన కూర్చోవుగా" అంటాడు.

అంతే సీను. మ్యూజిక్ కూడా లేదు. చూడండి, చెప్తుంటే ఇప్పటికీ నాకు వెంట్రుకలు లేస్తాయి!

ఆ సీన్ని నేను వాడినట్టు ఆ డైరెక్టరు కూడా వాడుకుని ఉండడు. పెళ్ళి జాకెట్లు కుట్టించుకోవటానికి వచ్చిన ప్రతి పిల్లకీ చెప్పా. కొలతలు తీస్తూ తీస్తూ, "మొగుడంటే అట్టా ఉండాలమ్మా" అనేదాన్ని. ఇంట్లో అయితే వారానికి ఒక్కసారైనా మా ఆయన నెత్తిన ఆ సీను పడేది. "ఆ స్కూటర్ సినిమాలో ఆయన్ని చూడు! రెండు ముక్కలన్నాడు, ఆవిడ జన్మ ధన్యమైపోయింది. నువ్వూ ఉన్నావ్, మొగుడివి! పదిహేనేళ్ళలో ఒక్కటంటే ఒక్క మాట, గుర్తు పెట్టుకునే మాట, అన్నావా నాతో?" బాజీ చెవి గోక్కునేవాడు. చెప్పులేసుకుని బయటికెళ్ళేవాడు.

ఇప్పుడు అసలు కథ.

సునీత టీచర్ తెలుసుగా, నందిగామలో స్కూల్ టీచరు. పదేళ్ళ నుంచి ఆవిడ జాకెట్లన్నీ నేనే కుడతా. ఒకరోజు ఫోన్ చేసింది. "రజియా, మీ స్కూటర్ సినిమా ఫోన్లో వచ్చిందంట! అప్పట్లో ఎవరూ చూళ్ళేదు, ఇప్పుడు అందరూ తెగ పొగుడుతున్నారు. ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి రా, టీవీకి పెట్టుకుని అందరం చూద్దాం."

నా సంతోషం చూడాలి మీరు! అప్పట్లోనే ఆ సినిమా గొప్పదని చెప్పినదాన్ని నేనొక్కదాన్నే కదా. బిర్యానీ చేసి పెద్ద బాక్సులో పెట్టుకుని మొదటి బస్సుకే వెళ్ళిపోయా. టీచరు, ఆవిడ అత్తగారు మరియమ్మగారు, పక్కింటి ఆవిడ, నేను. మరియమ్మగారికి కొంచెం వినపడదు. నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

సినిమా మొదలైంది. నేను గైడు లాగా ముందే చెప్తున్నా. "ఇప్పుడేం కాదు. ఉప్పు సీను సెకండాఫ్‌లో."

ఇంటర్వెల్ అయింది. "ఇప్పుడొస్తది చూడండి."

ఒక గంట గడిచింది. "ఇదిగో, వచ్చేస్తోంది, కరెంటు పోతది చూడండి!"

కరెంటు పోలేదు. ఆ ఇంట్లో కరెంటు అసలు పోనేలేదండీ! చివర్లో ముసలాయనా, ముసలావిడా స్టాండు వేసున్న స్కూటరెక్కి ఊరికే కూర్చున్నారు. బండి కదల్లేదు. తెర మీద పేర్లు పడ్డాయి.

అందరూ నా వైపు తిరిగారు. మరియమ్మగారు నా మోచెయ్యి తట్టి గట్టిగా, "ఏదమ్మా ఉప్పు?" అన్నారు.

"కట్ చేశారు!" అన్నా నేను.

"ఎవరు?" అంది టీచరు.

"వీళ్ళే! ఫోన్లో పెట్టేవాళ్ళు! మంచి సీన్లన్నీ కోసేస్తారు వీళ్ళు, నాకు తెలుసు."

"అదొక్కటే ఎందుకు కోస్తారు రజియా? అందులో ఏముంది అభ్యంతరం? ఉప్పేగా?" టీచరు మెల్లగానే అంది. "అదీగాక నువ్వు చెప్పే ఆయనకి గొంతు బొంగురుగా ఉంటుందన్నావ్. ఈయన గొంతు సన్నగా ఉంది. ఇంకో సినిమాలోది ఇందులో కలుపుకున్నావేమో."

నాకు ఎక్కడ మండాలో అక్కడ మండింది. "టీచర్, నేనేమన్నా పిచ్చిదాన్నా? మీ చేతిలోనేగా రిమోట్ ఉంది. మధ్యలో మీరే ఏదో నొక్కారు, నేను చూశా. ముందుకి జరిపేశారు!"

ఆవిడ మొహం చిన్నబోయింది. "నేనెందుకు జరుపుతా?"

"నా మాట అబద్ధం చెయ్యటానికి!"

నోట్లోంచి వచ్చేసిందండీ. పక్కింటావిడ గబగబా లేచి వెళ్ళిపోయింది. టీచరు నా బిర్యానీ బాక్సు కడిగి, తుడిచి, సంచిలో పెట్టి ఇచ్చింది. పదేళ్ళలో మొదటిసారి, "మళ్ళీ ఎప్పుడొస్తావ్?" అని అడగలేదు. నాకు మనసులో కలుక్కుమంది. కానీ తగ్గుతానా! బస్సెక్కా.

ఇంటికొచ్చి మా ఆయనకి అంతా చెప్పా. కంపెనీని తిట్టా, టీచర్ని తిట్టా. ఆయన మంచమ్మీద కూర్చుని కాళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే, "ఆ సీను అందులో లేదులే" అన్నాడు.

నేను ఆగిపోయా. ఊ కాదు! ఏకంగా నాలుగు మాటలు!

"నీకెట్టా తెలుసు?"

"ఏమో. లేదనిపించింది."

అనిపించిందంట! వార్తలు పెడితే రెండో నిమిషానికి గురక పెట్టే మనిషికి, పదిహేనేళ్ళ కిందటి సినిమాలో ఏముందో ఏం లేదో అనిపించిందంట! అప్పుడు మొదలైంది చూడండి నాలో అనుమానం.

మర్నాడు పొద్దున ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్ తీశా. తప్పే, నాకూ తెలుసు, మీరలా చూడకండి. మా చిన్నది ఇద్దరి ఫోన్లలోనూ ఆ సినిమాల యాప్ వేసి పెట్టింది. ఆయన దాన్ని ఎప్పుడూ తెరవడని నా నమ్మకం. తెరిచి చూస్తే ఏముంది? 'మీరు చూసినవి' అని ఒకే ఒక్క బొమ్మ. స్కూటరు!

ఆయన తల తుడుచుకుంటూ రాగానే ఫోన్ మొహం మీద పెట్టా. "ఏంటిది?"

"సినిమా."

"ఎప్పుడు చూశావ్?"

"మూడు నెలలైంది. నందిగామలో లోడింగ్ లేటైతే."

"ఎన్నిసార్లు?"

ఆయన నీళ్ళు నమిలాడు. "మూడు."

మూడు! నేను అడిగితే రెండు గంటల సినిమాకి రావటానికి ఆరునెలల నుంచి కుదరట్లేదు. నందిగామలో మాత్రం, మూడుసార్లు, కదలని స్కూటర్ని చూశాడు. ఎందుకు? ఎవరితో?

"మరి నాతో చెప్పలేదే?"

"అడగలేదుగా" అని చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇక నా బుర్ర పరుగులు చూడండి. ఒకటి, నందిగామలో ఎవరో ఉంది, ఆవిడకి ఇలాంటి నిదానం సినిమాలంటే ఇష్టం. రెండు, ఎవరూ లేరు, కానీ నేను రోజూ పొగిడే ఆ సీను అబద్ధమని తేల్చటానికి రహస్యంగా కూర్చుని వెతికాడు. మూడు, ఈయనా, సునీత టీచరూ కలిసి నా మీద నాటకం ఆడుతున్నారు. ఆవిడ గ్యాస్ సిలిండర్ ఒకసారి ఈయనే ట్రాలీలో వేసుకెళ్ళి దింపాడు. అప్పుడు మాట్లాడుకుని ఉంటారు! మా ఆయన మాట్లాడాడు అనుకున్నానంటే నాకెంత మతి పోయిందో మీరే ఆలోచించండి.

మంగళవారం పరీక్ష పెట్టా. వంకాయ కూరలో కావాలనే ఉప్పు ఎక్కువేశా. మామూలుగా కాదు, పిడికెడు! పెట్టి ఎదురుగా కూర్చుని ఆయన మొహమే చూస్తున్నా. సినిమాలో ఆయన లాగా ఏమన్నా అంటాడా, కనీసం ఉప్పెక్కువైందనన్నా అంటాడా అని. ఆయన మొదటి ముద్ద తిన్నాడు. కన్ను కొంచెం అదిరింది. రెండో ముద్ద తిన్నాడు. మొత్తం తిన్నాడు! ఇంకొంచెం వేయించుకున్నాడు! రెండు చెంబుల నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, ట్రాలీ తీసుకుని వెళ్ళిపోయాడు.

మనిషి కాదు, రాయి! అనుకున్నా. తర్వాత ఆకలేసి చూస్తే ఇంట్లో ఇంకో కూర లేదు. ఆ ఉప్పు కషాయం నేనూ తినాల్సి వచ్చింది. సాయంత్రం దాకా షాపులో నీళ్ళు తాగుతూనే ఉన్నా.

బుధవారం షాపులో గిరాకీ లేదు. కంపెనీ వాళ్ళని సాక్ష్యంతో సహా పట్టుకుందామని, కొలతలు రాసుకునే పుస్తకం తీసి, పెన్ను పట్టుకుని, ఫోన్ని మిషను మీద నిలబెట్టి సినిమా మళ్ళీ మొదటి నుంచి పెట్టా. ఎక్కడ కోశారో అక్కడ అతుకు కనపడుతుందిగా. గుడ్డలో అతుకు నా కన్ను దాటిపోదు, సినిమాలో దాటుద్దా!

పది నిమిషాలకే దొరికింది. ఆవిడ రోజూ పొద్దున ఆయన కుర్చీ పక్కన కిటికీలో మంచినీళ్ళ గ్లాసు పెడుతుంది. చెయ్యి చాపితే అందేలాగా. స్కూటరు గురించి ఒక మాట అనుకున్నాక, మర్నాడు చూస్తే గ్లాసు కిటికీకి ఆ చివర ఉంది. ఆపేశా. వెనక్కి తిప్పా. ఇందాక ఇక్కడుంది, ఇప్పుడు అక్కడుంది! కట్! టైము రాసుకున్నా. ఇంకో సీను. గ్లాసు టేబుల్ మీదికి పోయింది. ఇంకో కట్! రాసుకున్నా. తర్వాత వంటింటి గడప దగ్గర. ఎంత కోశార్రా బాబూ వీళ్ళు అనుకుంటూ పేజీ నింపేశా.

ఆరో కట్ రాస్తూ రాస్తూ పెన్ను ఆగిపోయింది. ఆయన కుర్చీలోంచి లేచి, మోకాలు పట్టుకుని, వంటింటి దాకా నడిచి, గ్లాసు తీసుకున్నాడు. ఆవిడ పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. తిరగలేదు. కానీ ఆయన గటగటా తాగుతుంటే ఆ చప్పుడు వింటూ గరిటె తిప్పటం ఆపింది.

అది కట్ కాదండీ. గ్లాసుని ఆవిడే జరుపుతోంది! రోజుకి కొంచెం దూరం. ఆయన లేచి తన దాకా రావాలని!

ఇరవై ఏళ్ళ పిల్లప్పుడు ఇదంతా నా కళ్ళ ముందే జరిగింది, నేను గురక పెట్టా. ఇప్పుడు చూస్తే ప్రతి సీన్లోనూ ఏదో ఒకటి అట్టా దాచిపెట్టి ఉంది. ఆయన ఆవిడ పడుకున్నాక ఆవిడ కళ్ళద్దాలు తుడిచి పెడతాడు. ఆవిడకి తెలుసు, తెలీనట్టు ఉంటుంది. ఒకళ్ళతో ఒకళ్ళు ఏమీ అనరు. చివర్లో వాళ్ళు స్కూటరెక్కి ఊరికే కూర్చుంటే ఈసారి నాకు బోరు కొట్టలేదు. కొంగు తీసి మొహం తుడుచుకుంటుంటే, అప్పుడే ఫాల్ కుట్టించుకోవటానికి వచ్చినావిడ గుమ్మంలో నిలబడిపోయి, "ఎవరన్నా పోయారా రజియా?" అంది.

దొంగని పట్టుకోబోయి ఏడ్చుకుంటూ కూర్చున్నా. అయినా ఉప్పు సీను మాత్రం లేదు! రెండోసారి కూడా లేదు! అంటే ఫోన్లో కోసెయ్యలేదు, అతుకు ఎక్కడా లేదు. మరి హాల్లో ఎట్టా చూశా నేను? ఇక మిగిలింది హాలు వాళ్ళే.

గురువారం నందిగామలో ఇవ్వాల్సిన జాకెట్లు ఉంటే అవి పట్టుకుని వెళ్ళా. ఆ హాలు ఎప్పుడో మూసేశారు, ఇప్పుడు గోడౌన్. ఎదురుగా సోడాల కొట్టు పెట్టుకున్న సాంబయ్యగారే అప్పట్లో ఆపరేటరని కనుక్కున్నా.

"బాబాయ్, స్కూటర్ సినిమా గుర్తుందా?"

"మర్చిపోతానా అమ్మా!" అన్నాడాయన నిమ్మకాయ పిండుతూ. "మూడు రోజులాడింది. మూడోరోజు మ్యాట్నీకి పదకొండు మంది. నా సర్వీసులో ప్రొజెక్టరు ఏసి నేను నిద్రపోయిన సినిమా అదొక్కటే."

"అందులో ఒక సీను ఉండాలి బాబాయ్, ఇప్పుడు లేదు." అంతా చెప్పా. "నిజం చెప్పు. మీ హాల్లో ఏమన్నా వేరే రీలు కలిపారా?"

ఆయన నా మొహం కేసి చూశాడు. "అమ్మా, మేం కత్తిరించేవాళ్ళం. ఒప్పుకుంటా. ఆఖరి బస్సు అందట్లేదని జనం గోల చేస్తే పాటలు ఎగరగొట్టేవాళ్ళం. కానీ కత్తిరించేవాళ్ళమే గానీ, కొత్త సీన్లు తీసి అంటించేవాళ్ళం కాదమ్మా! అంత పనోళ్ళమైతే ఇక్కడ సోడాలెందుకు కొడతా?"

సోడా చేతికిస్తూ ఆయనే అన్నాడు. "ఆ సినిమాలో నాకు గుర్తుంది ఒక్కటే. బాల్కనీలో ఎవరో కొత్త జంట, టిఫిన్ బాక్సు తెరిచి పులిహోర తిన్నారు. హాలంతా ఇంగువ వాసన! ఆ సైలెంటు సినిమాలో వాళ్ళు గుసగుసలాడితే కింద క్లాసుకి కూడా వినపడతా ఉంది. చివరికి నేనే వెళ్ళి టార్చిలైటు కొట్టా మొహాల మీద. ఆ పిల్ల చున్నీ కప్పేసుకుంది."

సోడా నా ముక్కులోకి పోయింది.

ఎందుకంటే ఆ టార్చిలైటు నాకు గుర్తుంది! కళ్ళలో కొట్టింది, సిగ్గుతో మా ఆయన భుజం మీద తల దాచుకున్నా, అట్టాగే మళ్ళీ నిద్రపోయా.

"ఎవరో బుద్ధిలేని వాళ్ళులే బాబాయ్" అని సోడా సగంలో వదిలేసి బస్టాండుకి పరిగెత్తా.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నానే గానీ రోడ్డు కనపడితే ఒట్టు. పులిహోర. నేనే చేశా, కొత్త పెళ్ళికూతుర్ని, అత్తగారింట్లో మొదటిసారి. ఇంటర్వెల్లో బాక్సు ఆయన చేతికిచ్చి నిద్రపోయా. లేచేసరికి ముప్పావు బాక్సు ఖాళీ. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నా. ఉప్పు! ఒట్టి ఉప్పు! చుట్టూ చీకటి. అప్పుడు నేను ఆయన చెవిలో...

చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర బస్సు ఆగింది. "నేనా!" అని గట్టిగా అరిచా.

పక్క సీట్లో కోదాడ వెళ్ళే ఆవిడ ఉలిక్కిపడింది. "ఏమైందక్కా, మంచిగున్నవా?"

"ఉప్పు సీను నాదేనమ్మా" అన్నా. పాపం ఆవిడ సంచి తీసుకుని వెనక సీటుకి వెళ్ళిపోయింది.

శుక్రవారం నమాజు చేసుకుని ఆయన అన్నానికి వచ్చాడు. వడ్డించి, పక్కన కూర్చున్నా. "ఏమయ్యా, ఒకటడుగుతా. మన పెళ్ళైన కొత్తల్లో, నందిగామ హాల్లో, పులిహోర..."

ఆయన చెయ్యి ముద్ద దగ్గర ఆగిపోయింది.

"గుర్తొచ్చిందా?" అన్నాడు.

ఏం గుర్తొచ్చిందని అడగలేదు చూడండి!

"అంటే ఆ మాట అంది నువ్వా? పదిహేనేళ్ళుగా నీ మాటతోనే నిన్ను తిట్టానా నేను? తెలిసీ నోరు మూసుకుని కూర్చున్నావా?"

"నాకూ తెలీదు" అన్నాడు. "నేనూ సినిమాలోదే అనుకున్నా. నువ్వు రోజూ చెప్తుంటే ఆ హీరో అంటే ఒళ్ళు మండేది. ఆయనది ఇంకో సినిమా చూళ్ళేదు నేను." ఒక గుక్క నీళ్ళు తాగాడు. "మొన్న ఫోన్లో కనపడితే, అంత గొప్పగా ఏమన్నాడో చూద్దామని పెట్టా. ఎక్కడా లేదు. నిద్రపోయానేమోనని మళ్ళీ పెట్టా. మూడోసారి చూస్తుంటే, పులిహోర గుర్తొచ్చింది."

మా పెళ్ళయ్యాక నేను విన్న అతి పెద్ద ఉపన్యాసం అదే. నాకు కోపం రావాలి, రావట్లేదు.

"మరి అప్పుడన్నా చెప్పొచ్చుగా!"

ఆయన కంచంలోకి చూస్తూ అన్నాడు. "పెళ్ళికూతుళ్ళందరికీ చెప్తున్నావ్. పెద్ద హీరో అన్నాడనేగా అంత బాగుంది నీకు. నేనన్నానంటే, చప్పబడిపోద్దేమోనని."

ఏమనమంటారు నన్ను? ఇంకొంచెం అన్నం పెట్టా. ఆయన వద్దన్నా పెట్టా.

ఆయన చెయ్యి కడుక్కోగానే సునీత టీచర్ గుర్తొచ్చింది. ఆవిడ్ని అన్న మాట గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది. వెంటనే ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, మొత్తం చెప్పేశా. "టీచర్, తప్పు నాదే. మీరేం జరపలేదు. ఆ సీను సినిమాలో లేదు. ఆ మాట అంది మా ఆయన!"

టీచరు చాలా మెత్తగా, క్లాసులో అబద్ధం చెప్పిన పిల్లతో మాట్లాడినట్టు, "రజియా, నేను అదెప్పుడో మర్చిపోయా. కోపమేం లేదు. దాని కోసం నువ్వు ఇంత కథ అల్లక్కర్లేదమ్మా" అంది.

"కథ కాదు టీచర్! నిజంగా బాజీనే అన్నాడు!"

"బాజీగారా?" అంది. నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. "మా ఇంట్లో సిలిండరు దింపి, మంచినీళ్ళు కావాలా అంటే తల ఊపినాయనేగా?"

"ఉండండి, ఆయన్నే అడగండి!" ఫోన్ ఆయన నోటి దగ్గర పెట్టా. కళ్ళతో బతిమాలా. చెప్పు, చెప్పు అని సైగ చేశా.

"బాజీగారూ," అంది టీచరు, "ఆ ఉప్పు మాట, పక్కన కూర్చోవుగా అన్నది, మీరే అన్నారంట కదా?"

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నన్ను చూశాడు, ఫోన్ని చూశాడు, తలుపు కేసి చూశాడు.

"ఛ ఛ. నేనెందుకంటానండీ" అన్నాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఫోన్ నా చేతిలోనే ఉంది. అటుపక్క టీచరు, "పోన్లే రజియా, రెస్టు తీసుకో" అని పెట్టేసింది. ఆ ఫోన్ చేసేదాకా నందిగామలో నేను లేని సీను చూసినదాన్ని మాత్రమే. ఇప్పుడు లేని మొగుణ్ణి చెప్పుకుని తిరిగేదాన్ని కూడా!